పదకొండేళ్లు మెట్ల మీద పడుకున్న మనిషికి అద్దె గది కుదర్చడం ఎలా?

ప్రశ్న: మెట్టుగూడ నివాసి

సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పరిసరాల్లో శనివారం రాత్రుళ్లు అన్నం పొట్లాలు, చలికాలంలో దుప్పట్లు పంచే చిన్న బృందంలో నేనూ ఉన్నాను. నాలుగేళ్లుగా వెళ్తున్నాము. ఏటికేడాది అవే ముఖాలు కనిపిస్తున్నప్పుడు, మేము పెట్టే అన్నం ఆ పూట ఆకలి తీరుస్తున్నదే తప్ప వాళ్లను ఆ గచ్చు మీద నుంచి లేపడం లేదని ఒప్పుకోక తప్పడం లేదు.

ఇటీవల యాభై అయిదేళ్ల పెద్దమనిషి ఒకరు పొట్లం వద్దన్నారు. పాలమూరు వైపు నుంచి వచ్చిన ఆయన ఫంక్షన్ హాళ్లలో క్యాటరింగ్ వాళ్ల దగ్గర గిన్నెలు కడుగుతారు. ముహూర్తాలున్న రోజుల్లో ఐదారు వందలు వస్తాయి. మూఢం వచ్చినా, ఆషాఢం వచ్చినా చేతిలో పైసా ఆడదు. “అన్నం నాకు హాల్ల దొరుకుతది సార్, ఒక రూమ్ చూపియ్యుండ్రి” అన్నారు. పదకొండేళ్లుగా ఆయన పడక, రాత్రి షట్టరు దించేసే ఒక దుకాణం మెట్ల మీదే.

చిలకలగూడ, అడ్డగుట్ట వైపు ఒంటి గదులు నాలుగు వేలకు దొరుకుతున్నాయి గానీ, అందరూ ఆధార్ కార్డు, రెండు నెలల అడ్వాన్సు అడుగుతున్నారు. ఆయన కార్డు ఏనాడో సంచితో పాటు పోయింది. పోనీ షెల్టర్‌లో చేర్పిద్దామంటే, లోగడ ఒక చోట మూడు రాత్రులుండి వచ్చేశారట; క్యాటరింగ్ పని ముగిసేసరికి ఒంటిగంట దాటుతుంది, అక్కడ పదింటికే గేటు మూసేసేవారట. కాగితాలు ముందా, గది ముందా? అద్దె మేము ఎన్నాళ్లు కట్టాలి? అనుభవమున్నవారు చెప్పగలరు.

జవాబు 1: షెల్టర్ నిర్వాహకురాలు

నగరంలో మరో వైపున నిరాశ్రయుల వసతి గృహాన్ని తొమ్మిదేళ్లుగా చూస్తున్నాను కాబట్టి ముందుగా ఆ గేటు విషయమే చెబుతాను. ఆహార హక్కు కేసులో 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాలన్నింటా షెల్టర్లు కట్టాలని ఆదేశించింది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ మార్గదర్శకాలు, లక్ష జనాభాకు కనీసం 100 మందికి చొప్పున, ఏడాది పొడవునా 24 గంటలూ నడిచే శాశ్వత వసతి ఉండాలని రాశాయి. కాబట్టి పదింటికి తాళం వేయడం మాలో కొందరికి ఉన్న అలవాటే తప్ప నిబంధన కాదు. పని చేసే క్యాటరింగ్ మేస్త్రీ చేత రెండు ముక్కలు రాయించి నిర్వాహకులకు ఇవ్వండి. వినకపోతే నగరపాలక సంస్థ సర్కిల్ కార్యాలయంలో పట్టణ సామాజికాభివృద్ధి విభాగం వాళ్లను కలవండి. ఆయన అక్కడ స్థిరపడిపోవాలని కాదు, చిరునామా కోసం చెబుతున్నాను.

గుర్తింపు పొందిన షెల్టర్ అధికారి ఆధార్ సంస్థ నిర్ణయించిన నమూనాలో ధ్రువపత్రం ఇస్తే, అది చిరునామా రుజువుగా చెల్లుతుంది. అయితే ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. కార్డు పోయిందంటే కొత్తగా నమోదు చేయిస్తారు. ఒకసారి వేలిముద్రలు ఇచ్చిన మనిషి మళ్లీ ఇస్తే అది రెండో నమోదుగా తిరస్కరణకు గురవుతుంది. నెలలు గడిచాక ఆ సంగతి తెలుస్తుంది. ఊళ్లో ఎప్పుడైనా వేళ్లు పెట్టారా అని ముందే అడగండి. పెట్టి ఉంటే ఆధార్ సేవా కేంద్రంలో పాత నంబరు రాబట్టడమే దారి. ఏళ్ల తరబడి సబ్బునీళ్లలో గిన్నెలు తోమిన చేతుల మీద రేఖలు మిగలవు. యంత్రం ఒప్పుకోకపోతే కనుపాపతో ప్రయత్నించమని గట్టిగా అడగండి. మా దగ్గర ఒకాయన నాలుగు సార్లు తిరిగి వచ్చాక, అయిదోసారి కంటితో పని అయింది.

ఓటు మాత్రం ఇంతకంటే తేలిక. ఇల్లు లేనివారి విషయంలో బూత్ స్థాయి అధికారి స్వయంగా రాత్రిపూట వచ్చి, ఆ మనిషి నిజంగా అక్కడే పడుకుంటున్నాడని ఒకటికి రెండుసార్లు చూసుకుంటే చాలు, చిరునామా కాగితం అడగకూడదన్నది ఎన్నికల సంఘం నియమం.

ఆధార్ చేతికి రాగానే జన్‌ధన్ ఖాతా తెరిపించండి. ఊళ్లో ఉమ్మడి రేషన్ కార్డులో ఆయన పేరు ఇంకా ఉన్నదేమో కనుక్కోండి. ఉంటే బియ్యం ఇక్కడి దుకాణంలోనే తీసుకోవచ్చు. ప్రభుత్వం పేదలకు కట్టించిన డబుల్ బెడ్‌రూమ్ ఇంటికి దరఖాస్తు పెట్టిస్తామని ఆశ పెట్టకండి. దానికి రేషన్ కార్డు, స్థానికత కావాలి. వచ్చినా ఎక్కడ వస్తుందో తెలియదు. కొల్లూరులో ఒకే చోట 15,660 ఇళ్లు కట్టారు, చక్కటి ఇళ్లే, కానీ అవి ఔటర్ రింగ్ రోడ్డు దగ్గర ఉన్నాయి. అర్ధరాత్రి దాటాక సికింద్రాబాద్‌లో పని ముగించుకునే మనిషికి ఆ ఇల్లు దేనికి?

జవాబు 2: అడ్డగుట్ట ఓనరు

మూడు గదులు అద్దెకిచ్చే మనిషిని. మమ్మల్ని తిట్టుకోవడం సులువే గనుక మా వైపు మాట కూడా వినండి. అద్దె ఎగ్గొడతారన్నది మా భయాల్లో చిన్నది. నా అన్నవాళ్లు లేని మనిషి గదిలో జ్వరంతో పడి ఉంటే ఎవరికి ఫోన్ చేయాలి, జరగరానిది జరిగితే పోలీసులకు, ఇరుగుపొరుగుకు, రేపు ఆ గది చూడటానికి వచ్చేవాళ్లకు ఏమని చెప్పుకోవాలి అన్నదే అసలు భయం. మీ బృందంలో ఇద్దరి నంబర్లు ఇచ్చి, నెలకొకసారి ఎవరో ఒకరు వచ్చి వెళ్తామని మాటిస్తే, ఆధార్ వచ్చేదాకా మీ కార్డు నకలు పెట్టుకుని గది ఇవ్వడానికి నాబోటివాడికి అభ్యంతరం ఉండదు. అద్దె మాత్రం మీరు నా చేతిలో పెట్టకండి, ఆయనే తెచ్చి ఇవ్వాలి. ఎవరి చేతి మీదుగా డబ్బు వస్తే వాళ్లే కిరాయిదారు అని మాకు అలవాటు. ఆయనను మీ మనిషిగా చూడటం మొదలుపెడితే నీళ్లు రాకపోయినా మీకే ఫోన్ చేస్తాము, ఆయనతో మాట్లాడము.

జవాబు 3: ఒకప్పటి ఫుట్‌పాత్ వాసి

నేను అఫ్జల్‌గంజ్ బస్టాండు దగ్గర ఆరేళ్లు పడుకున్నవాణ్ణి. ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్‌లో వాచ్‌మన్‌గా ఉంటూ, పక్క వీధిలో గది తీసుకుని ఎనిమిదేళ్లయింది. మొదటి నెలలో ఆ గది వదిలి మూడుసార్లు పాత చోటికే వెళ్లి పడుకున్నానని ఇక్కడ ఎవరూ నమ్మకపోవచ్చు. గది ఇప్పించినాయన బాధపడ్డారు. ఎందుకు వెళ్లానో అప్పుడు నాకు మాటల్లో చెప్పడం రాలేదు.

రోడ్డు మీద నిద్ర అంటే ఒక కన్ను తెరిచి పడుకోవడం. చెప్పులు తల కింద, డబ్బులు మొలకు కట్టిన గుడ్డలో, పక్కన తెలిసిన మనిషి. బస్సుల చప్పుడు ఆగిపోయిందంటే ఏదో జరిగిందని మెలకువ వచ్చేస్తుంది. అలాంటివాణ్ణి తలుపు వేసి, లైటు తీసేసి, చప్పుడు లేని గదిలో ఒంటరిగా పడుకోబెడితే గుండె దడ వస్తుంది. పైగా రోడ్డు మీద నాకు నలుగురు ఉండేవారు. ఒకరికి పని దొరకకపోతే మిగిలినవాళ్లు టీ తాగించేవారు, జ్వరమొస్తే ఉస్మానియాకు తీసుకుపోయేవారు. గదికి వచ్చాక పలకరించే దిక్కు లేదు. కాబట్టి మీ పెద్దాయన వెనక్కి వెళ్తే, ‘ఇంత చేస్తే ఇలా చేశాడు’ అనుకోకుండా గది అలాగే ఉంచండి, తాళంచెవి ఆయన దగ్గరే ఉండనివ్వండి. నా తాళంచెవి నా దగ్గరే ఉన్నది గనుకే నాలుగోసారి తిరిగి వచ్చాను.

ఇంకొక మాట. అద్దె ప్రతి నెలా ఒకటో తారీఖున కట్టమంటే కూలి మనిషికి కష్టం. ముహూర్తాల నెలల్లో రెండు నెలల అద్దె ఒకేసారి ఇచ్చేసేలా ఓనరుతో ముందే మాట్లాడుకుంటే మూఢంలో గది పోదు. నాకు అయిదు కేజీల సిలిండరు, ఒక కుక్కరు, చాప కొనిచ్చారు. కుక్కరే నన్ను ఆ గదిలో నిలబెట్టిందని మా ఆవిడతో ఇప్పటికీ అంటూంటాను.

జవాబు 4: మానసిక ఆరోగ్య కార్యకర్త

గది కావాలని తనంతట తాను అడిగిన మనిషి దొరకడం మీ అదృష్టం. అడగలేని స్థితిలో ఉన్నవారి గురించి కూడా ఈ సందర్భంలో చెప్పాలి. తనలో తాను మాట్లాడుకుంటూ, మూటలు పేర్చుకుని కూర్చునే మనిషి మీ దారిలో ఉంటే, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు ఆ వ్యక్తిని 24 గంటల లోపు ప్రభుత్వ వైద్యశాలకు చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు, ఇల్లు లేని మనిషైతే తప్పిపోయిన వ్యక్తిగా కేసు నమోదు చేసి కుటుంబాన్ని వెతకాలి. ఆ సెక్షన్ నంబరు చెబితే ఠాణాలో మాట తీరు మారడం నేను చూశాను. వైద్యం అయిపోయాక ఇల్లు లేదన్న ఒకే కారణంతో మనిషిని ఆసుపత్రిలో ఉంచేయకూడదని అదే చట్టం 19వ సెక్షన్ చెబుతున్నది గానీ, అలా ఉండిపోతున్నవారు ఉన్నారు. చెన్నైలో ‘ద బన్యన్’ సంస్థ 2015 నుంచి ‘హోమ్ అగైన్’ పేరుతో మామూలు వీధుల్లో ఇళ్లు అద్దెకు తీసుకుని, నలుగురైదుగురిని ఒక ఇంట్లో ఉంచి, తోడుగా ఒక సహాయకురాలిని పెడుతున్నది. వంట వాళ్లే చేసుకుంటారు, కూరగాయలు వాళ్లే తెచ్చుకుంటారు.

మీ ‘కాగితాలు ముందా, గది ముందా’ అన్న ప్రశ్నకు ఇతర దేశాల్లో జరిగిన పని కొంత జవాబు ఇస్తుంది. తాగుడు మానేస్తేనే గది, మందులు వేసుకుంటేనే గది అన్న షరతులను 1992లో న్యూయార్క్‌లో కొందరు పక్కనపెట్టి, ముందు ఇల్లు ఇచ్చి మిగిలినవి తర్వాత చూసుకున్నారు. కెనడా 2009 నుంచి 2013 వరకు అయిదు నగరాల్లో సుమారు రెండు వేల మందితో దీన్ని పరీక్షించి చూస్తే, ముందుగా ఇల్లు పొందినవారే ఎక్కువ కాలం ఇళ్లలో నిలిచారు. ఫిన్లాండ్ 2008 నుంచి దీన్ని ప్రభుత్వ విధానంగా చేసుకుని, పాత వసతి గృహాలను అద్దె ఇళ్లుగా మార్చుకున్నది. అక్కడ ప్రభుత్వ సాయం ఉన్నది, మనకు అంతటి సాయం లేదు. అయినా షరతు లేకుండా తాళంచెవి ఇవ్వడం, ఆ తర్వాత మనిషిని వదిలిపెట్టకుండా ఉండటం అనే రెండు విషయాలకు డబ్బు అంతగా అడ్డం కాదు. పెద్దాయన తాగుతారా అని మీరు రాయలేదు. అది మంచిదే, గదికీ దానికీ ముడిపెట్టకండి.

ప్రశ్న అడిగినవారి మాట

అందరికీ నమస్కారాలు. మూడు వారాలు పట్టింది. పెద్దాయన పదిహేనేళ్ల క్రితం ఊళ్లో వేళ్లు పెట్టిన సంగతి అడిగితే గుర్తొచ్చింది. నంబరు కనుపాపతోనే దొరికింది. మా బృందం నాలుగు నెలల అద్దె ఆయన ఖాతాలో వేస్తుంది, ఓనరుకు ఆయనే ఇస్తారు, ఆ తర్వాత సగం సగం. నిన్న రెండు గదులు చూపించాము. లోపలి వైపు ఉన్నది పెద్దది, గోడలకు కొత్తగా సున్నం కూడా వేశారు. ఆయన దాన్ని చూసి ఏమీ అనలేదు. రెండోది ఇరుకు, కిటికీ తీస్తే ఆటోస్టాండు. కాసేపు కిటికీ దగ్గర నిలబడి, “ఈ రూమ్ల అయితే నిద్ర పడుతది సార్” అన్నారు. అదే తీసుకున్నాము.