ఇంగ్లండ్ నార్ఫోక్‌లో ఒక పొలంలో దొరికింది, ఆంగ్లో-సాక్సన్ బ్రోచేనా?

బురదబూట్లు:
పోయిన ఆదివారం దున్నిన పొలంలో (రైతును అడిగే దిగాను) మెటల్ డిటెక్టర్‌కు జానెడు లోతులో గట్టి సిగ్నల్ వచ్చింది. తవ్వితే వేలెడంత ముక్క, ఒళ్లంతా పచ్చటి చిలుము. ఒక కొస గుర్రం మొహంలా ఉంది, ముక్కుపుటాలు ఉబ్బెత్తుగా. రెండో కొస విరిగింది. పాత బీరువా పిడి అనుకుని సంచిలో పడేశాను. ఇంటికొచ్చి చూస్తే వెనక చిన్న కొక్కెం, దాన్నిండా తుప్పు. తోమితే తెలుస్తుందా?

గట్టుమీదోడు:
తోమకండి బాబూ! గుర్రం మొహం ఉందంటే క్రూసిఫాం బ్రోచ్ (బట్టలకు పెట్టుకునే శిలువ ఆకారపు పిన్నీసు) కింది సగం. 5, 6 శతాబ్దాల నాటిది, అంటే ఇంగ్లండ్‌కొచ్చి స్థిరపడ్డ ఆంగ్లో-సాక్సన్ల కాలం, తూర్పు ఇంగ్లండ్‌లో ఎక్కువ. వెనక కొక్కెం పిన్ను మొన ఆనేది. పిన్ను ఇనుముది కాబట్టి తుప్పై పోతుంది, మిగతాది రాగి మిశ్రమం కాబట్టి నిలుస్తుంది. తల వైపు మూడు బుడిపెలుంటాయి. తొలినాటి వాటిలో అవి విడిగా పోతపోసి తగిలించినవి, అందుకే ఊడిపోతాయి. మూడేళ్లు తిరిగితే నాకు దొరికినవి రెండు బుడిపెలే.

ఆక్స్‌ఫర్డ్_కోడలు:
నేను చేసిన పాడుపని చెప్తా వినండి. మా వైపు థేమ్స్ ఎగువన సాసర్ బ్రోచ్‌లు దొరుకుతాయి, టీ సాసర్‌లాగే అంచు పైకి లేచి ఉంటుంది. నాకొకటి దొరికిన రాత్రే, ఇత్తడి కుందులు తోమినట్టు చింతపండేసి తోమేశాను. లోపల బంగారు పూత తళుక్కుమంటే ఎంత సంబరమో! ఫైండ్స్ లియెజాన్ ఆఫీసర్ (జనానికి దొరికిన పాత వస్తువులు చూసి నమోదు చేసే అధికారి) మాత్రం ముందువైపు చూడనే లేదు. వెనక్కి తిప్పి, కాసేపు ఆగి, "ఇక్కడ తుప్పు ఉండేదా?" అని అడిగారు. పిన్ను తుప్పు పడుతూ తనకు తగిలిన బట్ట దారాల్లోకి ఇంకుతుందట. బట్ట కుళ్లిపోయినా నేత ఆకారం తుప్పులో మిగులుతుంది. ఆ బ్రోచ్ పెట్టుకున్నావిడ ఏ నేత గుడ్డ కట్టుకుందో భూతద్దంలో తెలిసేదేమో. నేను కడిగి సింక్‌లో పోశాను.

ఆంగ్లో-సాక్సన్ ఆడవాళ్లు గౌనుకు రెండు భుజాల మీదా చెరొకటి పెట్టుకుని మధ్యలో పూసలు వేలాడదీసేవాళ్లు. మనం పైటకు పెట్టుకునే పిన్నీసే కదా!

లండన్_లచ్చి:
డబ్బులొస్తాయా? స్టాఫోర్డ్‌షైర్ నిధికి 32.85 లక్షల పౌండ్లు ఇచ్చారుగా.

గట్టుమీదోడు:
అది 2009లో దొరికిన బంగారం, వెండి అండీ. అదీ దొరికినాయన, భూమి యజమాని పంచుకున్నారు. ఇక్కడి 1996 నిధుల చట్టం ప్రకారం 300 ఏళ్లు దాటి, బరువులో పదో వంతైనా బంగారమో వెండో ఉంటే 14 రోజుల్లో కరోనర్‌కు (నిధుల విచారణ చూసే స్థానిక అధికారికి) చెప్పాలి. ఒంటరి రాగి బ్రోచ్ సాధారణంగా ఆ లెక్కలోకి రాదు, పూత ఉన్నా అంతే. అయినా చూపించి నమోదు చేయించండి. గ్రిడ్ రిఫరెన్స్ (దొరికిన చోటును మ్యాప్‌లో చూపే అంకెలు) రాసుకున్నారా? అది లేకపోతే మీ చేతిలో ఉన్నది ఉత్త ముక్కే. అక్కడే ఇంకోటి తగిలినా, ఎముకలు కనిపించినా తవ్వడం ఆపేయండి, సమాధులు ఉండొచ్చు.

లండన్_లచ్చి:
సంక్రాంతికి డిటెక్టర్ ఇండియాలో మా ఊరికి పట్టుకెళ్దామనుకుంటున్నా.

ఆక్స్‌ఫర్డ్_కోడలు:
వద్దు తల్లీ, గుప్తనిధుల గ్యాంగ్ అనుకుంటారు. అక్కడ 1878 నాటి చట్టం, పది రూపాయలు దాటిన నిధి దొరికితే కలెక్టర్‌కు చెప్పాల్సిందే.

బురదబూట్లు:
తోమలేదు. తడి మట్టితోనే డబ్బాలో పెట్టి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. ఫోన్‌లో లొకేషన్ ఉంది, బతికిపోయా. అమ్మకు వీడియో కాల్‌లో చూపిస్తే, "విరిగిన పిన్నీసు కోసం ఆదివారమంతా బురదలో తిరిగావా?" అంది.