లోగోకి నలభై వేలా? చిన్న వ్యాపారానికి అంత అవసరమా?

గాజువాక_బేకరీ: ఎంవీపీ కాలనీలో రెండో షాపు తెరుస్తున్నాం. లోగో, బోర్డు, కవర్లు, కేక్ డబ్బాలు అన్నింటి డిజైన్‌కీ కలిపి ఒకాయన 40,000 అడిగాడు. ఫ్లెక్స్ షాపులో ఐదొందలకి గీసేస్తారు. నైకీ గుర్తుకే 1971లో 35 డాలర్లు ఇచ్చారట. మరి నాకెందుకు ఇంత?

డాబాగార్డెన్స్_ఆర్ట్: అందరూ అక్కడికే ఆపుతారు. ఆ గుర్తు గీసిన కరోలిన్ డేవిడ్‌సన్ అప్పటికి స్టూడెంట్. 1983లో కంపెనీ పిలిచి షేర్లు ఇచ్చింది. అయినా లోగో గీయడం పనిలో ఒక ముక్కేనండీ. బోర్డు మీద ఒక ఎరుపు, డబ్బా మీద ఇంకో ఎరుపు ఉంటే రెండు షాపులూ ఒకరివేనని ఎవరికి తెలుస్తుంది? ఫోన్లో రంగు వెలుతురుతో వస్తుంది, ప్రెస్‌లో నాలుగు ఇంకులు కలిస్తే వస్తుంది. ఏ రంగో చెప్పే కోడ్ రాసివ్వకపోతే ఒక్కో ప్రెస్ ఒక్కోలా కొడుతుంది. ఏ ఫాంట్, గుర్తు చుట్టూ ఎంత ఖాళీ, చిన్న స్టిక్కర్ మీద ఏది తీసేయాలి, ఇవన్నీ తేల్చాలి. స్టేట్ బ్యాంక్ గుర్తు కూడా 1971 నాటిదే, శేఖర్ కామత్ గీశారు. ఏ ఊళ్లోనైనా రోడ్డు అవతల నుంచే పోల్చుకుంటాం.

గాజువాక_బేకరీ: షేర్లు పన్నెండేళ్ల తర్వాత కదా! నేనూ అప్పుడే ఇస్తాను.

ఉక్కునగరం_లోకల్: పఫ్ బాగుంటే చాలు గురూ. బోర్డు ఎవడు చూస్తాడు?

సిరిపురం_అకౌంట్స్: చూడకపోతే 2009లో అమెరికాలో ట్రోపికానా జ్యూస్ ప్యాకెట్ మార్చగానే అమ్మకాలు ఎందుకు పడిపోయాయి? రెండు నెలలు తిరక్కుండానే పాత డిజైన్‌కి వెళ్తామన్నారు.

గాజువాక_బేకరీ: నేను చెప్పేదీ అదే! డబ్బు పోసి చేయించిన డిజైనే ముంచింది.

డాబాగార్డెన్స్_ఆర్ట్: మీలాంటి వాళ్లని చాలామందిని చూశాను. ఒక హోటల్ ఓనరు నాతో నమూనాలు గీయించుకుని 'తర్వాత చెప్తా' అన్నాడు. కొన్నాళ్లకి అదే లోగో బీచ్ రోడ్డులో ఫ్లెక్స్ మీద కనిపించింది. స్క్రీన్‌షాట్ ఇచ్చి వేరేచోట గీయించాడు. రంగు కూడా తప్పే!

గాజువాక_బేకరీ: ఆయన మీద కోపం నా మీద చూపిస్తారేంటండీ? మొదటి షాపుకి నేను డబ్బిచ్చే చేయించాను. చేతిలో ఒక జేపెగ్ పెట్టాడు. పెద్ద బోర్డుకి వేస్తే అంచులన్నీ గళ్లుగళ్లు. ఎంత పెద్దది చేసినా చెదరని, మార్చుకోగలిగే ఓపెన్ ఫైల్ అడిగితే ఇంకో పదిహేను వేలట. నా లోగో నాది కాదా? నలభై వేలు ఇవ్వలేక కాదు, మళ్లీ ఇంకొకడి గుప్పిట్లో పడలేక.

డాబాగార్డెన్స్_ఆర్ట్: ఆ మాట ముందే అనాల్సింది. డబ్బిచ్చినంత మాత్రాన హక్కు రాదు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బదిలీ కాగితం మీద, సంతకంతో ఉండాలి. నేను కోటేషన్‌లోనే రాస్తాను. చివరి బిల్లు కట్టగానే ఓపెన్ ఫైలు (కోరల్ సాఫ్ట్‌వేర్‌లోది), రంగుల కోడ్లు, హక్కులు అన్నీ మీవి. అప్పటిదాకా నమూనాల మీద ఎవరూ వాడుకోకుండా అడ్డంగా వాటర్‌మార్క్ ముద్ర ఉంటుంది.

గాజువాక_బేకరీ: సగం అడ్వాన్స్ తీసుకున్నాక కూడా వాటర్‌మార్కా? అంటే నమ్మకం లేదన్నమాట.

డాబాగార్డెన్స్_ఆర్ట్: మీకుందా?

గాజువాక_బేకరీ: ముందు ఆ హక్కుల లైను పంపండి. అడ్వాన్స్ సంగతి తర్వాత.

డాబాగార్డెన్స్_ఆర్ట్: లైను ఇప్పుడే పంపుతాను. అడ్వాన్స్ పడకుండా మాత్రం పెన్సిల్ ముట్టను.