సర్జరీ తర్వాత లేస్తే కళ్లు తిరుగుతున్నాయి: ఉప్పు పెంచాలా, బీపీ మాత్ర తగ్గించాలా?

రమణ: అమ్మకి స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి కడుపు చిన్నది చేసే ఆపరేషన్) అయ్యి కొన్ని నెలలైంది. బరువు బాగానే తగ్గింది కానీ మంచం మీద నుంచి లేస్తే చాలు, కళ్లు బైర్లు కమ్మి గోడ పట్టుకుంటోంది. పిన్నేమో ఉప్పేసిన మజ్జిగ తాగితే సరిపోతుందంటోంది. నాకు ఆ పాత బీపీ మాత్ర మీదే అనుమానం. మీరేమంటారు?

పద్మజ: మజ్జిగే తాగించు తమ్ముడూ. కడుపు చిన్నదయ్యాక నీళ్లు కూడా గుక్కెడు గుక్కెడే కదా దిగేది, ఒంట్లో నీరు తగ్గితే కళ్లు తిరగవా మరి? నాకూ ఇలాగే ఉండేది, మజ్జిగ, పప్పుకట్టు మొదలుపెట్టాక పోయింది.

శ్రీనివాస్: పద్మజ గారూ, మీకు బీపీ లేదేమో, ఆవిడకి ఉంది. బరువు తగ్గేకొద్దీ చాలామందికి బీపీ కూడా దిగుతుంది, మాత్ర మాత్రం పాత బరువుకి రాసిందే నడుస్తుంటుంది. అందులో హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసి ఉంటే అది ఉప్పూ నీళ్లూ మూత్రంలో బయటికి పంపేస్తుంది, అలాంటప్పుడు మజ్జిగలో ఎంత ఉప్పేసి ఏం లాభం? రమణ గారూ, అమ్మగారిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి బీపీ చూడండి, తర్వాత నిలబెట్టి ఒక నిమిషానికి, మూడు నిమిషాలకి చూడండి, పక్కనే ఉండండి. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ పడిపోతే ఆ లెక్క డాక్టర్‌కి చూపించాలి. మాత్ర మీరే ఆపేయకండి, అటెనొలాల్ లాంటి బీపీ మందులు ఒక్కసారిగా మానేస్తే ప్రమాదం.

పద్మజ: సరే, డాక్టర్ దొరికేదాకా ఓఆర్ఎస్ అయినా ఇవ్వొద్దా?

శ్రీనివాస్: గుండె, కిడ్నీ జబ్బులు లేకపోతే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసున్న పొడి కలిపి కొద్దికొద్దిగా ఇవ్వొచ్చు. టెట్రాప్యాక్ తీపి నీళ్లు వద్దు, ఓఆర్ఎస్ అన్న పేరు వాటికి వాడకూడదని 2025లో కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశమే ఇచ్చింది. తిన్న గంటకో రెండు గంటలకో చెమటలు పట్టి తూలుతుంటే అది షుగర్ పడిపోవడం కావచ్చు, దానికి ఉప్పు పనిచేయదు. మలం నల్లగా వచ్చినా, స్పృహ తప్పినా ఆ రోజే క్యాజువాలిటీకి తీసుకెళ్లాలి.

పద్మజ: మాత్ర సంగతి ఒప్పుకుంటా. అయినా ఆవిడ రోజుకి ఎన్ని నీళ్లు తాగుతోందో ముందు అడుగు తమ్ముడూ, సగం జవాబు అక్కడే ఉంటుంది.

రమణ: అడిగానక్కా, లీటరు కూడా తాగట్లేదు. స్ట్రిప్ చూస్తే మందు పేరు చివర హెచ్ ఉంది, వెనక హైడ్రోక్లోరోథయాజైడ్ అని రాసుంది. పడుకున్నప్పుడు 124, నిలబడ్డాక 98. సర్జన్ గారికి ఫోన్ చేశాను, సాయంత్రమే తీసుకురమ్మన్నారు.