చేపల చెరువులో పచ్చ తెట్టుకు అల్ట్రాసౌండ్: పెట్టాలా, వద్దా?

గట్టుమీద:
అందరికీ నమస్కారమండీ. చేపల చెరువులో నీరు చిక్కటి పచ్చగా తిరిగింది. మధ్యాహ్నానికి గాలివాటున ఉన్న మూల పచ్చరంగు ఒలకబోసినట్టు తెట్టు కడుతోంది. నీటి తేటదనం కొలిచే సెక్కీ పళ్లెం దించితే 15 సెంటీమీటర్లకే కనపడకుండా పోతోంది. తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) వెయ్యాలంటే చెయ్యి రావడం లేదు. ఒకాయన వచ్చి, నీళ్లమీద తేలే అల్ట్రాసౌండ్ (మన చెవికి అందని ధ్వని) యంత్రం పెడితే చాలు, మందు అక్కర్లేదు, చేపకు వినపడదు, ఆల్గే మాత్రం చస్తుంది అంటున్నారు. వాడినవాళ్లు, దాని గురించి చదివినవాళ్లు ఉంటే చెప్పండి. పెట్టించాలా, వద్దా?

తరంగం:
పెట్టించండి అనేదే నా మాట. తాగునీటి రిజర్వాయర్లలో ఈ యంత్రాలతో పనిచేస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

అలా తెట్టు కట్టేవి ఎక్కువగా నీలి ఆకుపచ్చ ఆల్గే. మైక్రోసిస్టిస్, అనబీనా లాంటివి. వాటి కణాల్లో గాలి నిండిన అతి సన్నటి గొట్టాలుంటాయి. వాటి బలంతోనే పైకి తేలి ఎండ పట్టుకుంటాయి, కింద ఉన్నవాటికి వెలుతురు అందనివ్వవు. ధ్వని ఒత్తిడికి ఆ గొట్టాలు నలిగితే కణం మునిగిపోతుంది. ల్యాబులో 20, 30 కిలోహెర్ట్జ్ (కిలోహెర్ట్జ్ అంటే సెకనుకు వెయ్యి కంపనాలు) దగ్గర గట్టిగా ధ్వని ఇస్తే కొద్ది సెకన్లలోనే ఈ మార్పు కనపడుతుంది. జపాన్‌లో సెన్బా సరస్సులో అల్ట్రాసౌండ్‌కు తోడుగా నీటిని చిమ్మే పంపులు పెట్టి తెట్టును తగ్గించగలిగారు.

చేపకు వినపడదన్న మాట కార్పుల వరకూ నిజమే. వాటి వినికిడి కొన్ని కిలోహెర్ట్జ్‌ల దగ్గర ఆగిపోతుంది, అల్ట్రాసౌండ్ 20 దాటాక మొదలవుతుంది. మైలుతుత్తం సంగతి చూస్తే, ఆ రాగి ఎక్కడికీ పోదు. అడుగు మట్టిలోనే పేరుకుంటుంది.

నీటిపరీక్ష:
గాలి గొట్టాల గురించి తరంగం గారు రాసింది అక్షరాలా నిజం. అందులో "గట్టిగా" అన్న మాట దగ్గర నేను ఆగాను.

ఆ గొట్టాలు ఒత్తిడికి నలుగుతాయని తెలిసి వందేళ్లు దాటింది. 1895లో క్లేబాన్ అనే జర్మన్ శాస్త్రవేత్త తేలే ఆల్గే ఉన్న నీటిని సీసాలో నిండా పోసి, బెండు బిగించి, దానిమీద సుత్తితో కొట్టాడు. తేలుతున్నదంతా మునిగింది. మైక్రోసిస్టిస్ గొట్టాలు నలగాలంటే మామూలు గాలి ఒత్తిడికి ఎన్నో రెట్లు కావాలి. ఇప్పుడు లెక్క చూడండి. 10 వాట్ల ధ్వనిని నీటిలోకి అన్ని వైపులా వదిలితే, మీటరు దూరంలో దాని ఒత్తిడి సుమారు 1 కిలోపాస్కల్. అంటే గాలి ఒత్తిడిలో నూరో వంతు. అక్కడి నుంచి దూరం రెట్టింపైన ప్రతిసారీ ఆ ఒత్తిడి ఇంకా సగమవుతుంది. ల్యాబులో చిన్న గిన్నెలో ధ్వని పుట్టించే కడ్డీ ముంచి సాధించినదాన్ని, ఎకరాల నీటిలో చిన్న సోలార్ పలకతో నడిచే యంత్రం సాధిస్తుందని ఎలా నమ్మడం?

ఒత్తిడి అక్కర్లేదు, సరైన ఫ్రీక్వెన్సీ దొరికితే కణం దానంతటదే కంపిస్తుంది అని అమ్మేవాళ్లు అంటారు. 50 కిలోహెర్ట్జ్ దగ్గర నీటిలో తరంగం పొడవు 3 సెంటీమీటర్లు. మైక్రోసిస్టిస్ కణం 5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) చుట్టుపక్కల. ఆ తరంగానికీ కణానికీ మధ్య 6,000 రెట్ల తేడా ఉంది.

2014లో నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ విశ్వవిద్యాలయం వాళ్లు బజారులో అమ్మే యంత్రాలనే తెచ్చి పరీక్షించారు. నీలి ఆకుపచ్చ ఆల్గేను అదుపు చెయ్యడానికి అవి పనికిరావని తేల్చారు.

పిల్లచెరువు:
అదే బృందం డాఫ్నియా మీద కూడా పరీక్ష చేసింది కదండీ. ఆల్గేను తినే ఆ చిన్న జీవులు ల్యాబులో ఆ ధ్వనికి చచ్చిపోయాయి, తినేవి లేక నీరు ఇంకా పచ్చబడింది. నేను పిల్లలను పెంచేదాన్ని. మొదటి రోజుల్లో చేపపిల్లకు ఆ జంతు ప్లాంక్టనే ప్రాణం, బొచ్చె అయితే పెద్దయ్యాక కూడా దానిమీదే బతుకుతుంది. చేపకు వినపడకపోతే సరిపోతుందా? దాని తిండి సంగతి అమ్మేవాళ్లు ఒక్కరూ ఎత్తరు.

వినికిడి విషయం కూడా అన్ని చేపలకూ ఒకటి కాదు. హెర్రింగ్ కుటుంబంలోని అమెరికన్ షాడ్ 180 కిలోహెర్ట్జ్ దాకా పసిగడుతుందని 1997లోనే తేలింది. కార్పులకు ఆ బాధ లేదు, ఒప్పుకుంటాను.

తరంగం:
పిల్లచెరువు గారూ, ఆ డాఫ్నియా పరీక్ష చిన్న పాత్రల్లో జరిగింది. పారిపోయే దారి లేదు, ధ్వని పుట్టించే పరికరం పక్కనే ఉంది. చెరువులో యంత్రానికి అడుగు దూరంలో ఉన్నవాటికి తప్ప అంత దెబ్బ తగలదు.

నీటిపరీక్ష:
అక్కడే పట్టుకుంటాను తరంగం గారూ. డాఫ్నియాకు దెబ్బ తగలనంత పలచగా ధ్వని చేరే చోట ఆల్గేకు మాత్రం ఎలా తగులుతుంది? రెండూ ఒకే నీటిలో ఉన్నాయి. దూరానికి బలం తగ్గుతుందని ఇప్పుడు మీరూ అన్నారు, అది రెండింటికీ వర్తించాలి.

పోనీ, గొట్టాలు నలిగి ఆల్గే మునిగిందనే అనుకుందాం. రిజర్వాయరు లోతుగా ఉంటుంది. మునిగినది చీకట్లోకి పోతుంది, మళ్లీ తేలిగ్గా పైకి రాదు. చేపల చెరువు ఒకటిన్నర మీటరు. పగలు గాలి, రాత్రి ఏరేటర్లు (నీటికి గాలి పట్టించే యంత్రాలు) ఆ నీటిని కలుపుతూనే ఉంటాయి. బతికి ఉన్న కణం ఒక రోజు అటూ ఇటుగా గొట్టాలు మళ్లీ కట్టుకుంటుంది. పైగా ఏరేటర్ రేపే గాలి బుడగలు ధ్వనిని మింగేస్తాయి, చెదరగొడతాయి. రిజర్వాయరులో మీ అనుభవాన్ని నేను కాదనడం లేదు. అది మేత వేసే చెరువుకు అతకదు అంటున్నాను.

తరంగం:
బుడగల మాట సరే. కానీ చాలామంది ఏరేటర్లు రాత్రే వేస్తారు. యంత్రాన్ని ఎండ ఉన్నప్పుడు నడిపితే ఆ అడ్డు లేదు. తెట్టు కట్టేది కూడా అప్పుడే.

ఇంకో సంగతి మీరు వదిలేశారు. చిక్కటి పచ్చనీటిలో మధ్యాహ్నం పీహెచ్ 9 దాటుతుంది. 30 డిగ్రీల నీటిలో పీహెచ్ 8 దగ్గర మొత్తం అమ్మోనియాలో విషపు రూపంలో ఉండేది 7, 8 శాతం. పీహెచ్ 9 దగ్గర అది 45 శాతానికి చేరుతుంది. ఆల్గేను కొంచెం తగ్గించినా ఆ పోటు తగ్గుతుంది కదా. పూర్తిగా చంపాలని నేనూ అనడం లేదు.

నీటిపరీక్ష:
పగలు నడపడం మంచి సూచన, తీసుకుంటాను. పీహెచ్ లెక్కా సరైనదే.

మరి ఆ అమ్మోనియా ఎక్కడి నుంచి వచ్చింది? మేతలోని నత్రజనిలో చేప ఒంట్లో చేరేది దాదాపు పావు నుంచి మూడో వంతు. మిగతాదంతా నీటిలోకే. ఆ మిగిలినదాన్ని పీల్చుకుని పెరుగుతున్నదే ఈ పచ్చదనం. పగటి పూట చెరువుకు ప్రాణవాయువు పెట్టేదీ అదే. దాన్ని మూకుమ్మడిగా ముంచితే మూడు పనులు ఒకేసారి జరుగుతాయి. ఆక్సిజన్ తయారీ ఆగుతుంది, అమ్మోనియాను పీల్చేది ఉండదు, కుళ్లేది అడుగున చేరి ఉన్న ఆక్సిజన్‌ను తింటుంది. మైలుతుత్తంతో చెరువులు పోయేది ఎక్కువగా ఇలాగే. రాగి విషం కంటే, ఆ తర్వాతి రెండు రాత్రులు ప్రమాదం. యంత్రం అమ్మేవాళ్లు చెప్పినంత బాగా పనిచేసినా వచ్చేది ఈ ప్రమాదమే. మైక్రోసిస్టిస్ కణాలు పగిలితే లోపలున్న మైక్రోసిస్టిన్ విషం నీటిలోకి రావడం ఇంకొకటి.

గట్టుమీద గారూ, మీకు కావలసింది ఆల్గే లేని చెరువు కాదు. సెక్కీ 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య నిలబడే చెరువు. 15 నుంచి అక్కడికి తెచ్చే దారి మేత తగ్గించడం. తెల్లారుజామున చేపలు నోళ్లు తెరిచిన రోజు అసలు మేత వెయ్యకండి. మంచి నీరు అందుబాటులో ఉంటే పైపొర నీటిని తీసి కొత్త నీరు పెట్టండి. గాలివాటు మూల చేరిన తెట్టును వలతో లాగి గట్టు అవతల పడెయ్యండి. ఆ తెట్టుతో పాటు నత్రజని, భాస్వరం నిజంగా చెరువు దాటి బయటికి పోతాయి. యంత్రం ఆ పని చెయ్యదు.

పాతకాపు:
మైలుతుత్తం పేరెత్తితే అంత భయం అక్కర్లేదు బాబూ, కొలత తెలిస్తే. నీటి మొత్తం క్షారత లీటరుకు ఎన్ని మిల్లీగ్రాములుందో చూసి 100తో భాగిస్తే, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల మైలుతుత్తం వెయ్యాలో వస్తుంది. క్షారత 50 లోపు ఉన్న నీటిలో మాత్రం ముట్టుకోకూడదు. నీ చెరువు ఇప్పుడున్న స్థితిలో ఎంత ఉన్నా ముట్టుకోకు. తెల్లారుజామున ఊపిరాడని చెరువులో ఆల్గేను చంపడం అంటే చేపను చంపడమే.

గట్టుమీద:
అందరికీ కృతజ్ఞతలు. నీటిపరీక్ష గారు రాసిన సుత్తి ప్రయోగం చేశాను. మందపాటి గాజు సీసాలు రెండు, గాలి బుడగ లేకుండా నిండా చెరువు నీరు. ఒకదానికి గుడ్డ చుట్టి, బెండుమీద రబ్బరు సుత్తితో ఒక్క దెబ్బ. రెండింటినీ కిటికీ దగ్గర పెట్టాను. కొట్టని సీసాలో పచ్చదనం పైకి చేరి మెడ దగ్గర వేలెడు మందాన గట్టిపడింది. కొట్టిన దాంట్లో చాలావరకు అడుగుకు దిగింది. కానీ నడుమ నీరు రెండింట్లోనూ పలచటి పచ్చగానే ఉంది, అది తేలలేదు, మునగలేదు.

యంత్రం ఆయనను అడిగాను: పక్కపక్కన రెండు చెరువులున్నాయి, ఒకే వయసు చేప, ఒకే మేత, ఒకదాంట్లో పెట్టి చూపిస్తారా అని. ఒక్క చెరువులోనే ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది చూపిస్తాం అంటున్నారు.

నీటిపరీక్ష:
మీ సీసా చాలా చెప్పింది. నడుమ నిలిచిన పచ్చదనం క్లోరెల్లా లాంటి మామూలు ఆకుపచ్చ ఆల్గే కావచ్చు. వాటికి గాలి గొట్టాలు ఉండవు కాబట్టి గొట్టాలు నలపడం వాటిమీద పనిచెయ్యదు. నాచు పోగులకూ అంతే. చుక్క నీటిని మైక్రోస్కోపు కింద పెట్టించండి.

ఒక్క చెరువులో ముందూ వెనకా చూపిస్తామంటే ఒప్పుకోవద్దు. ఇంత చిక్కటి పచ్చనీరు ఎవరూ ఏమీ చెయ్యకుండానే విరుగుతుంది. నాలుగు రోజులు మబ్బు పట్టినా, గట్టి వాన కురిసినా చాలు. ఆ వారం చెరువులో ఏ యంత్రం ఉంటే పేరు దానికి పోతుంది.

తరంగం:
ఈ విషయంలో నీటిపరీక్ష గారితో ఏకీభవిస్తాను. నేను యంత్రాల పక్షమే. అందుకే, రెండో చెరువు లేకుండా ఎవరినీ పెట్టనివ్వకండి అంటాను. ఇంకో మెట్టు ఎక్కండి: కొన్ని వారాలు ఒక చెరువులో నడిపాక, అదే యంత్రాన్ని పక్క చెరువుకు మార్చమనండి. ఫలితం యంత్రంతో పాటు మారితే అది పనిచేసినట్టు, చెరువుతోనే ఉండిపోతే కానట్టు. రెండింట్లోనూ సెక్కీ, తెల్లారుజాము ఆక్సిజన్, మధ్యాహ్నం మూడింటికి పీహెచ్, అమ్మోనియా రాసుకోండి. జంతు ప్లాంక్టన్‌ను సన్నవలతో తీసి చూడమని పిల్లచెరువు గారు అంటారు, అది కూడా చేర్చండి. దీనికి ఒప్పుకోని అమ్మకందారు దగ్గర నేనైతే కొనను.

పిల్లచెరువు:
సన్నవల యంత్రం దగ్గర ఒకసారి, అవతలి గట్టు దగ్గర ఒకసారి లాగండి. రెండూ కలిపితే తేడా తెలియదు. ఈలోపు తెల్లారుజాము దాకా ఆగకుండా ఏరేటర్ అర్ధరాత్రికే వెయ్యండి, గట్టుమీద అన్నా, సెక్కీ 15 దగ్గర ఉన్నన్నాళ్లూ.