15 నుంచి 17 అలాయ్స్‌కి మారాను, గాలి ఎంత పెట్టాలి?

గతుకులరోడ్డు:
పోయిన వారం కారుకి 17 అంగుళాల అలాయ్స్ వేయించాను. కంపెనీ నుంచి వచ్చినవి 185/65 ఆర్15, ఇప్పుడున్నవి 205/45 ఆర్17 (మొదటిది మిల్లీమీటర్లలో వెడల్పు, రెండోది అందులో ఎంత శాతం పక్కగోడ ఎత్తో, చివరిది రిమ్ అంగుళాలు). డోర్ దగ్గర స్టిక్కర్ మీద ముందు 33, వెనక 30 పిఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) అని ఉంది కానీ అది పాత సైజుకి రాసింది కదా. టైర్లు వేసినతను సైడ్‌వాల్ (టైర్ పక్కగోడ) మీద ఏదో నంబర్ చూసి నాలుగింటికీ 45 కొట్టి పంపించాడు. చిన్న రాయి ఎక్కినా నడుముకి తెలుస్తోంది, స్టీరింగ్ కూడా కొంచెం తేలిపోతున్నట్టు ఉంది. ఆఫీసులో ఒకాయనేమో 28కి దించెయ్, మెత్తగా పోతుంది అంటాడు, ఇంకొకాయన స్టిక్కర్ నంబరే ఫైనల్ అంటాడు. ముగ్గురూ మూడు నంబర్లు చెప్పి నన్ను టెన్షన్‌లో పెట్టారు. రోజూ ఇద్దరమే తిరుగుతాం, నెలకోసారి ఐదుగురం సామానుతో హైవే ఎక్కుతాం. మరి ఎంత పెట్టాలి?

స్టెప్నీ:
స్టిక్కర్ మీద ఉన్నదే పెట్టండి. కారు బరువు మారలేదుగా. నేను మూడేళ్లుగా అంతే, ఏమీ కాలేదు.

గాలిగేజ్:
బరువు మారలేదు, నిజమే. బరువు మోసే టైర్ మారింది, అదీ చూడాలి కదా. మోసేది టైర్ లోపలి గాలి, రబ్బరు దాన్ని పట్టి ఉంచుతుంది, అంతే. సైజు మారితే అదే 33 పిఎస్ఐ మోసే కిలోలు మారతాయి.

ముందు ఆ 45 ఇవాళే దించండి. సైడ్‌వాల్ మీద మాక్స్ ప్రెస్ అని ఉండేది టైర్‌కి గరిష్ఠ పరిమితి, మీ కారుకి కావలసిన ప్రెషర్ కాదు. ఒకే టైర్ తేలిక కారుకీ బరువు కారుకీ వేస్తారు, మీ కారు బరువెంతో టైర్ తయారుచేసిన వాడికి ఏం తెలుసు! అలాగని 28కి మాత్రం పోవద్దు, ఆ సలహా ఇచ్చినాయన మంచి మనసుతోనే ఇచ్చి ఉంటాడు గానీ.

టైర్ మీద సైజు పక్కన ఇంకో రెండంకెల నంబర్, దాని వెనక ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటాయి. ఆ నంబరే లోడ్ ఇండెక్స్, టైర్ ఎంత బరువు మోయగలదో చెప్పేది. పాతదానిదీ కొత్తదానిదీ రాయండి. కొత్తదాని మీద ఎక్స్‌ఎల్ అని గానీ ఎక్స్‌ట్రా లోడ్ అని గానీ ఉందేమో కూడా చూసి చెప్పండి, అసలు మెలిక అక్కడే ఉంది.

గతుకులరోడ్డు:
పాతవి 88 హెచ్. కొత్తవి 88 డబ్ల్యూ, కింద చిన్న అక్షరాల్లో ఎక్స్‌ట్రా లోడ్ అని ఉంది. రెండూ 88 కాబట్టి స్టెప్నీ గారు చెప్పిందే కరెక్ట్ అనుకోవచ్చా?

గాలిగేజ్:
ఇక్కడే అందరం పప్పులో కాలేస్తాం. 88 అంటే టైర్‌కి 560 కిలోలు. కానీ మామూలు టైర్ ఆ 560 మోసేది 36 పిఎస్ఐ దగ్గర, ఎక్స్‌ఎల్ టైర్ అదే 560 మోయాలంటే 42 కావాలి (యూరప్ లెక్క ఇది, అమెరికా వాళ్ల టైర్లకి 35, 41). ఎక్స్‌ట్రా లోడ్ అన్న పేరు చూసి ఏ ప్రెషర్‌లోనైనా ఎక్కువ మోస్తుందనుకుంటాం. దాని కట్టడం ఎక్కువ గాలిని తట్టుకుంటుంది, ఆ గాలి నింపితేనే ఎక్కువ మోస్తుంది. అదే 33 పెడితే మీ కొత్త టైర్ పాతదానికన్నా దాదాపు 60 కిలోలు తక్కువ మోస్తుంది.

మీ విషయంలో ఇండెక్స్ ఒకటే కాబట్టి లెక్క తేలిక. స్టిక్కర్ నంబర్‌ని 36తో భాగించి 42తో గుణించండి. ముందు 33కి 38.5 వస్తుంది, వెనక 30కి 35. ముందూ వెనకా ఉన్న తేడా అలాగే ఉంచండి, కారు మలుపుల్లో ఎలా పోవాలో చూసుకునే కంపెనీ ఆ తేడా పెట్టింది. ఐదుగురు, సామాను ఉన్నప్పటికి స్టిక్కర్ మీద ఇంకో వరుస ఉంటుంది, దానికీ ఇదే లెక్క, కాకపోతే 42 దాటకుండా చూసుకోండి. టైర్ కంపెనీ లోడ్ పట్టిక దొరికితే నా లెక్క పక్కన పెట్టి దాన్నే నమ్మండి.

కొత్త టైర్ ఇండెక్స్ పాతదానికన్నా తక్కువైతే మాత్రం ఈ లెక్క కుదరదు. కొందరు ఇదే కారుకి 205/40 ఆర్17 వేస్తారు, అందులో 84 వస్తుంది, అంటే 500 కిలోలు. పైగా చక్రం ఎత్తు 4 శాతం తగ్గుతుంది, స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే నిజంగా 96 దగ్గర ఉంటారు. మీ 205/45 ఎత్తు పాతదానికన్నా 5 మిల్లీమీటర్లే తక్కువ, సైజు ఎంచినవాడికి పని తెలుసు. గాలి దగ్గరే తప్పాడు.

బుడగటైర్:
28 పెట్టమన్నాయన మాట వింటే ఏమవుతుందో నేను చెప్తాను. నేనూ ఇలాగే మెత్తదనం కోసం 17 అలాయ్స్‌లో 29తో తిరిగాను. మీ పాత టైర్ పక్కగోడ 120 మిల్లీమీటర్ల ఎత్తు, ఇప్పటిది 92. గుంతలో పడ్డప్పుడు గోడ రిమ్ అంచుకీ రోడ్డుకీ మధ్య నలిగిపోతుంది, లోపల దారాలు తెగుతాయి. నాకు రెండో రోజుకి టైర్ పక్కన నిమ్మకాయంత బుడగ లేచింది, రిమ్ కూడా వంకర పోయింది. బుడగ లేచిన టైర్‌కి రిపేరు లేదు, తీసి పారెయ్యడమే. గతుకు కాస్త తెలియడం 17 అలాయ్స్‌తో పాటు వచ్చేదే, గాలి తగ్గించి దాన్ని పోగొట్టలేం.

స్టెప్నీ:
ఒప్పుకుంటున్నా, నా టైర్లు చూస్తే అంచులే ఎక్కువ అరిగాయి. ఇన్నాళ్లూ అలైన్‌మెంట్ (చక్రాల కోణాల అమరిక) తేడా అనుకున్నా. ఒక డౌట్, టైర్ మీద సుద్ద గీత గీసి కొంచెం నడిపి ఎక్కడ చెరిగిందో చూస్తే సరైన ప్రెషర్ తెలుస్తుందంటారు కదా?

గాలిగేజ్:
రేడియల్ టైర్లలో స్టీల్ బెల్టు ఉంటుంది, ప్రెషర్ నాలుగైదు అటూఇటూ అయినా ట్రెడ్ (రోడ్డుని తాకే భాగం) చదునుగానే ఆనుతుంది, కాబట్టి సుద్ద పెద్దగా ఏమీ చెప్పదు. టైర్ ఎంత మోస్తుందో అసలే చెప్పదు. దానికన్నా కొన్ని వేల కిలోమీటర్ల తర్వాత ట్రెడ్ లోతు మూడు చోట్ల కొలవండి. మధ్యలో ఎక్కువ అరిగితే గాలి ఎక్కువైంది, రెండు అంచులూ అరిగితే తక్కువైంది, ఒక్క అంచే అరిగితే అప్పుడు అలైన్‌మెంట్‌ని అనుమానించండి.

గతుకులరోడ్డు:
నిన్న సాయంత్రం తిరిగొచ్చాక గేజ్ పెడితే ముందు 49 ఉంది, 38కి దించేశా. ఇవాళ పొద్దున చూస్తే 34! వెనక వాటికీ అంతే పడిపోయింది. లీకా?

గాలిగేజ్:
లీక్ కాదు, వేడి టైర్లలోంచి గాలి తీశారు. నడిపితే నాలుగైదు పెరగడం మామూలే, అది తీయకూడదు. కనీసం మూడు గంటలు కారు ఆగి ఉన్నాకే కొలవాలి. బయట చలి పెరిగినా ప్రతి ఐదారు డిగ్రీలకి ఒక పిఎస్ఐ తగ్గుతుంది. ఇప్పుడు చల్లగానే ఉన్నాయి కదా, 38, 35 నింపేసి డాష్‌బోర్డులో ప్రెషర్ హెచ్చరిక రీసెట్ చేయండి. రీసెట్ బటన్ లేని కారైతే దాని హెచ్చరిక పాత స్టిక్కర్ ప్రకారమే పనిచేస్తుంది. చాలా కార్లలో పాతిక శాతం తగ్గేదాకా అది వెలగదు, కాబట్టి దాన్ని నమ్ముకోకండి.

గతుకులరోడ్డు:
నింపా. స్టీరింగ్ తేలడం పోయింది. నడుముకి ఇంకా కాస్త తెలుస్తోంది కానీ 45 అంత లేదు. పాత 15లు అమ్మకుండా అటక మీద పెట్టా.