ఎనిమిది నెలల బాబుకి లూజ్ మోషన్స్, ఓఆర్ఎస్ పట్టగానే కక్కుతున్నాడు. ఏం చేయాలి?

ప్రశ్న (బాబు తల్లి, ఖమ్మం):
అందరికీ నమస్తే. మా బాబుకి నిన్న పొద్దున్నుంచి నీళ్ళలా మోషన్స్ అవుతున్నాయి, రాత్రి రెండుసార్లు కక్కాడు, ఒళ్ళు కూడా కాస్త వెచ్చగా ఉంది. పళ్ళు వస్తున్నాయి కాబట్టే ఇలా అవుతోంది, రెండు రోజులు పాలు ఆపి బార్లీ నీళ్ళు పట్టమని మా అత్తమ్మ అంటున్నారు. మెడికల్ షాపులో మోషన్స్ ఆగడానికని ఒక సిరప్ ఇచ్చారు, ఇంకా పట్టలేదు. ఓఆర్ఎస్ గ్లాసుతో పడితే వెంటనే కక్కేస్తున్నాడు. మోషన్స్ తెచ్చే రోటా వైరస్‌కి వేసే రోటా చుక్కలు మూడు డోసులూ వేయించాం, అయినా ఎందుకు ఇలా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు (పిల్లల వార్డులో స్టాఫ్ నర్సు):
అమ్మా, ముందు బాబుని చూడండి. ఆరు గంటలు దాటినా ఉచ్చ పోయకపోతే, కళ్ళు లోపలికి పోతే, మాడు గుంట పడితే, మత్తుగా పడి ఉండి పాలు కూడా పట్టకపోతే, మోషన్‌లో రక్తం కనపడితే, చెంచాతో పట్టినా అంతా కక్కేస్తుంటే మాత్రం ఇక్కడ జవాబుల కోసం ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళండి. అవేమీ లేకపోయినా ఈరోజే ఒకసారి డాక్టరుకి చూపించండి, పసివాడు కదా.

ఆ సిరప్ పట్టకండి. మోషన్స్ ఆపే మందులు పసిపిల్లలకి మంచివి కావు, పేగు కదలకుండా పోయి పొట్ట ఉబ్బుతుంది. ప్రాణం మీదికి తెచ్చేది మోషన్స్ లెక్క కాదమ్మా, ఒంట్లోంచి పోయే నీళ్ళూ ఉప్పూ. అవి మళ్ళీ లోపలికి వెళ్తుంటే చాలావరకు మోషన్స్ వాటంతట అవే తగ్గుతాయి.

ఓఆర్ఎస్ గ్లాసుతో వద్దు. కక్కాక పది నిమిషాలు ఆగి, ఒకటి రెండు నిమిషాలకి ఒక చెంచా చొప్పున పట్టండి. ఓపిక కావాలి, ఇంట్లో వాళ్ళు మార్చుకుంటూ పట్టాలి. మోషన్ అయిన ప్రతిసారీ 50 నుంచి 100 ఎంఎల్ వరకు పట్టవచ్చు. పెద్ద ప్యాకెట్ అయితే మొత్తం పొడి ఒకేసారి లీటరు నీళ్ళలో, కాచి చల్లార్చినవి, కలపాలి. సగం పొడి అంచనాగా వేసి కలపడం వద్దు, ఉప్పు పాళ్ళు తప్పితే పసిపిల్లలకి ప్రమాదం. చిన్న ప్యాకెట్లు 200 ఎంఎల్‌వి ఉంటాయి, మీద రాసింది చదివి కలపండి. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలుపుకోండి.

తల్లిపాలు ఆపనే వద్దు. తినగలిగితే మెత్తటి అన్నం, పెసరపప్పు, పెరుగు కూడా పెట్టండి. అత్తమ్మకి నచ్చజెప్పండి, పళ్ళు వచ్చే వయసులోనే పిల్లలు పాకుతూ నేల మీదివన్నీ నోట్లో పెట్టుకుంటారు, అందుకే రెండూ కలిసి వచ్చినట్టు కనపడుతుంది. రోటా చుక్కలు వేసినా వేరే వైరస్‌లతో మోషన్స్ రావచ్చు, కానీ రోటాతో బాగా తీవ్రమయ్యే ముప్పు తగ్గుతుంది, కాబట్టి వేయించి మంచి పనే చేశారు.

జవాబు (ఇద్దరు పిల్లల తండ్రి, హైదరాబాద్):
అక్కా, షాపులో అట్టపెట్టె జ్యూస్ లాంటిది ఇస్తే తీసుకోవద్దు. ఓఆర్ఎస్ అని పేరు పెట్టి చక్కెర నీళ్ళు అమ్మేవాళ్ళు, చక్కెర ఎక్కువైతే మోషన్స్ ఇంకా పెరుగుతాయి. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి దీని మీద పోరాడారు, 2025 అక్టోబరులో ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలా పేరు పెట్టడానికి వీల్లేదని ఆర్డర్ ఇచ్చింది. ప్యాకెట్ మీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చూడండి. అందులో లీటరుకి గ్లూకోజ్ 13.5 గ్రాములే.

బాబు తల్లి:
చెంచాతో పడుతున్నాను, ఇప్పటివరకు కక్కలేదు. ఇందాకే ఉచ్చ పోశాడు. డాక్టరుకి చూపించాం, ఒంట్లో నీళ్ళు పెద్దగా తగ్గలేదన్నారు, జింక్ రాశారు. మోషన్స్ తగ్గితే అది ఆపేయొచ్చా?

స్టాఫ్ నర్సు:
ఆపకండి. ఆరు నెలలు దాటిన పిల్లలకి రోజుకి 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు ఇవ్వాలి. పేగు త్వరగా కోలుకుంటుంది, వచ్చే రెండు మూడు నెలల్లో మళ్ళీ రాకుండా కూడా కాస్త కాపాడుతుంది. బిళ్ళ అయితే చెంచాలో కాసిని తల్లిపాలు పిండి కరిగించి పట్టండి. మీ ఆశా కార్యకర్తని అడిగితే ఓఆర్ఎస్, జింక్ రెండూ ఉచితంగానే ఇస్తారు. రాత్రి కూడా లేపి పాలు పట్టండి, ఉచ్చ తగ్గితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు.