తకెమిత్సు జపాను సంగీతానికి తిరిగి వచ్చింది ఎవరి చెవితో?

వెదురుగాలి:
తోరు తకెమిత్సు (1930–1996) గురించి ఏ వ్యాసం చదివినా ‘తూర్పు పడమరలను కలిపిన స్వరకర్త’ అనే మాట కనిపిస్తుంది. దానికి ఆధారంగా అందరూ చూపేది ‘నవంబర్ స్టెప్స్’. జపాను తంత్రివాద్యం బివాను, వెదురు వేణువు షకుహాచిని సింఫనీ ఆర్కెస్ట్రా ఎదుట కూర్చోబెట్టిన ఈ రచనను న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ తన నూట పాతికేళ్ల వేడుకకు కోరి రాయించుకుంది. 1967 నవంబరు 9న సెయిజి ఓజావా నిర్వహణలో అది తొలిసారి వినిపించింది. నా సందేహం ఇది: యువకుడిగా ఉన్నన్నాళ్లూ జపాను సంగీతానికి ఆమడ దూరంలో నిలబడిన మనిషి, పడమటి శ్రోతలకు తూర్పు మీద మోజు పెరుగుతున్న రోజుల్లోనే ఇటు మళ్లడం ఆయన సొంత అవసరమా, లేక వారి అభిరుచికి ఇచ్చిన జవాబా? నేను రెండో వైపే మొగ్గుతున్నాను. కాదనేవారు కారణాలతో రాయవలసిందిగా కోరుతున్నాను.

ఏటిగట్టు:
నేనూ మీ వైపే. ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు, కానీ తకెమిత్సు విషయంలో రచ్చే ముందు గెలిచింది. 1950లో ఆయన పియానో రచన విన్న ఒక టోక్యో విమర్శకుడు దాన్ని ‘సంగీతానికి ముందటి దశ’ అని ఒక్క మాటతో తీసిపారేశాడు. ఆ మాటకు కుమిలిపోయిన కుర్రవాడు సినిమాహాలు చీకట్లో కూర్చుని ఏడ్చాడు. 1959లో జపాను వచ్చిన ప్రసిద్ధ స్వరకర్త స్ట్రావిన్స్కీ ఆయన ‘రిక్వియమ్ ఫర్ స్ట్రింగ్స్’ విని మెచ్చుకున్న తర్వాతే ఆయన పేరు గట్టిగా నిలబడింది. అన్నిటికన్నా ముఖ్యం, తన సంప్రదాయపు విలువ తాను గుర్తించింది చాలావరకు అమెరికా స్వరకర్త జాన్ కేజ్ పరిచయం వల్లనేనని ఆయన స్వయంగా కృతజ్ఞతతో చెప్పుకున్నాడు. స్వరకర్తే ఒప్పుకున్నదాన్ని మనం కాదనడం ఎందుకు?

తీగబాట:
ఏటిగట్టు గారూ, కేజ్‌కు చెప్పిన ఆ కృతజ్ఞతను నేను కాదనను. అయితే అదే చోట తకెమిత్సు మరో మాట కూడా అన్నాడు: ‘జపాను’తనం తనలోకి రాకుండా తాను చాలాకాలం పెనుగులాడానని. ఆ పెనుగులాట ఎక్కడిదో చూడకుండా తిరిగి రావడం గురించి మాట్లాడుకోలేము.

ఆయన పుట్టింది టోక్యోలో, నెల తిరిగేసరికే కుటుంబం మంచూరియాలోని దాలియన్‌కు వెళ్లింది. చదువు కోసం 1938లో టోక్యో తిరిగివచ్చి ఉన్నది కోటో అనే జపాను తంత్రివాద్యం నేర్పే పిన్నిగారింట్లో. అంటే జపాను సంగీతం ఆయనకు పుస్తకాల్లో చదివినది కాదు, పక్క గదిలో రోజూ వినబడినదే. తర్వాత ఆ ధ్వని విన్నప్పుడల్లా యుద్ధపు రోజులే గుర్తుకు వచ్చేవని ఆయన చెప్పుకున్నాడు. పద్నాలుగేళ్లకే ఆయనను సైనికశ్రమకు పంపారు. శత్రుదేశాల సంగీతం వినకూడని ఆ రోజుల్లో, సైతామా కొండల్లోని స్థావరంలో ఒక అధికారి రహస్యంగా గ్రామఫోను మీద ఒక ఫ్రెంచి పాట పెట్టాడు. సూది లేకపోతే వెదురుముక్కను చెక్కి వాడాడు. ఆ వెదురు మొనమీద నుంచి వచ్చిన పరాయి పాట విన్న కుర్రవాడికి స్వరకర్త కావాలన్న కోరిక పుట్టింది. స్వదేశపు ధ్వని నిర్బంధానికీ, పరాయి ధ్వని విడుదలకూ గుర్తులైపోయిన మనసు అది. అది మెత్తబడడానికి పడమటివారి మోజు చాలదు.

ఆయనను కదిలించినది ఒకనాడు అనుకోకుండా చూసిన బున్రాకు అనే జపాను బొమ్మలాట. అందులో మోగే లావు మెడ షమిసెన్ అనే తంత్రివాద్యపు నాదం విని తాను నివ్వెరపోయానని ఆయన రాశాడు. ఇక తేదీలు చూడండి. ఆయన సంగీతం సమకూర్చిన ‘హరకిరి’ చిత్రంలో బివా వినిపించింది 1962లో, ‘క్వైదాన్’ చిత్రం 1964లో. బివా, షకుహాచి రెండే వాద్యాలకు రాసిన ‘ఎక్లిప్స్’ 1966 నాటిది. జపాను దర్శకులు జపాను ప్రేక్షకుల కోసం తీసిన సినిమాల్లో ఈ ప్రయోగాలు జరిగాయి. న్యూయార్కు పిలుపు వచ్చేనాటికి ఆయన చేతిలో ఆ పని నలిగి ఉంది.

మరొకటి, ‘కలిపిన స్వరకర్త’ అన్న మాటే సరికాదు. జపాను వాద్యాలను ఆర్కెస్ట్రాతో ఎలా మిళితం చేయాలన్న ఆలోచనే స్వరకర్తకు తగదని ఆయన భావన. ‘నవంబర్ స్టెప్స్’ వినిచూస్తే అది తెలుస్తుంది. తంత్రివాద్యాలు రెండు దళాలుగా ఎడమ కుడి వైపుల చీలి కూర్చుంటాయి. ఆ రచనలోని పదకొండు ‘మెట్ల’లో, అంటే భాగాల్లో, పదోది చాలా దీర్ఘమైనది. అక్కడ ఆర్కెస్ట్రా మొత్తం నోరు మూసుకుంటుంది, కిన్షి త్సురుటా బివా, కత్సుయా యోకోయామా షకుహాచి మాత్రమే మిగులుతాయి. బివా మీద పెద్ద విసనకర్రలాంటి మీటుపలక తీగను తాకి, అదే ఊపులో చెక్కను ఠప్పున కొడుతుంది. ఆ తర్వాతి నిశ్శబ్దంలోకి షకుహాచి ఊపిరి బొంగురుగా దూరుతుంది. ఇందులో పడమటి శ్రోతకు నచ్చేటట్టు తీపి పూసిన చోటు ఒక్కటి కూడా నాకు కనబడలేదు.

నూలుపోగు:
నేను వీణ నేర్చుకున్నదాన్ని, ఒక్క విషయం చెప్పి ఊరుకుంటాను. తకెమిత్సు ఎంతో ఇష్టంగా రాసిన ‘సవారి’ అంటే తీగ పక్కనున్న చెక్కకు రాసుకుని పుట్టే జుమ్మనే శబ్దం. ఆ పదానికి తాకడం అనే అర్థంతోపాటు అడ్డంకి అనే అర్థం కూడా ఉంది. మేము తంబురా శ్రుతి చేసేటప్పుడు తీగకూ అది ఆనే ‘గుర్రం’ అనే చెక్కకూ మధ్య సన్నని నూలుపోగు పెట్టి, వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతాము. సరైన చోటు దొరికేసరికి అప్పటిదాకా చప్పగా ఉన్న తీగ ఒక్కసారిగా పలుకుతుంది. దాన్ని మా గురువుగారు ‘జీవా’ అనేవారు. పియానో తయారీలో దోషమని తుడిచివేసే శబ్దాన్ని ఇక్కడ ప్రాణమంటున్నాము. ఈ రుచి చెవికి తగిలినవాడు ఎవరికోసమో నటించగలడని నేను అనుకోను.

వెదురుగాలి:
తేదీల విషయంలో తీగబాట గారి మాట ఒప్పుకుంటున్నాను. సినిమాల సంగతి నేను లెక్కలోకి తీసుకోలేదు. అయినా ఒక చిక్కు మిగిలింది. అది అంత సొంత అవసరమే అయితే, తర్వాతి రచనల్లో ఎక్కువ భాగం పాశ్చాత్య వాద్యాలకే ఎందుకు రాశాడు?

తీగబాట:
పూర్తిగా వదలలేదండీ. 1973లో మొదలై 1979లో పూర్తయిన ‘ఇన్ ఆన్ ఆటమ్ గార్డెన్’ గగాకు అనే జపాను రాజాస్థాన సంగీతపు వాద్యబృందానికి రాసినది, అడిగింది టోక్యోలోని జాతీయ రంగశాల. ఇక ఆర్కెస్ట్రా రచనల్లో ఆయన పదే పదే వెళ్లింది జపాను తోటలోకే. 1977 నాటి ‘ఎ ఫ్లాక్ డిసెండ్స్ ఇన్‌టు ది పెంటగొనల్ గార్డెన్’ వినండి. పియానో నల్లమెట్ల అయిదు స్వరాల చుట్టూ తిరిగే ఆ సంగీతంలో ఒక అంశం పెరిగి మరొకటిగా మారదు. తోటలో నడిచేవాడికి అదే రాయి మరో వైపు నుంచి కనిపించినట్టు, అదే స్వరగుచ్ఛం వేరే వెలుతురులో మళ్లీ ఎదురవుతుంది. బివా మోగకపోయినా, కాలాన్ని అనుభవించే ఆ తీరు మాత్రం అక్కడే ఉంది. ‘నవంబర్ స్టెప్స్’ పదో మెట్టు విన్న వెంటనే ఇది విని, మీకు ఏమనిపించిందో ఇక్కడే రాయండి.